కప్ప మీద ఫిర్యాదు

"ఇవాళ ఏదో ఒకటి తేలిపోవాలండీ మునీరా గారూ! ఈ వీధిలో ఆ టబ్బన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి!"

పక్కింటి రత్నాంబ గేటు తోసుకుని నేరుగా పెరట్లోకి వచ్చేసింది. జారుతున్న కొంగు కూడా సర్దుకోలేదు, అంత కోపం మీద ఉంది.

మునీరా కంగారు పడలేదు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి ముందుకు జరిపింది. "కూర్చోండి. టీ తెస్తాను."

"టీలూ వద్దు, ఏమీ వద్దండీ," అంటూనే రత్నాంబ కూర్చుంది. మొదట్లో ఈ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టేది కాదు. ఈమధ్య టీలో పంచదార తగ్గిందని చెప్పేదాకా వచ్చింది.

ఎదురుగానే ఉంది ఆ టబ్బు. ఏలూరులో ఒక పాత లాడ్జీ పడగొడుతుంటే మునీరా భర్త ముచ్చటపడి కొనుక్కొచ్చిన బాత్‌టబ్బు. అందులో ఎవరూ స్నానం చేసింది లేదు. ఆయన పోయాక వట్లూరులోని ఆ ఇంట్లో మునీరా, టబ్బూ మిగిలారు. ఊరికే పడి ఉండడం ఎందుకని మునీరా దాని అడుగున ఇటుక ముక్కలు పరిచి, గోనెపట్టా వేసి, పైన కొల్లేటి నల్లమట్టి నింపింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడు, చేపలమ్మే బంగార్రాజు ఆ మట్టిని బస్తాలకెత్తి సైకిల్ మీద తెచ్చిచ్చాడు. అందులో ఇప్పుడు తుంగ, వస, పొన్నగంటి కూర, సరస్వతి ఆకు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి.

"ముందు దోమలన్నారు," అంది మునీరా టీ అందిస్తూ. "పంచాయతీ ఆయన వచ్చి కర్రతో పొడిచి చూసి వెళ్లాడు కదండీ. మట్టి తడిగా ఉంటుందే గానీ నీళ్లు నిలవవు. తర్వాత వాసనన్నారు. కుళ్లిన ఆకులన్నీ ఏరేశాను."

"దోమల్లేవు, ఒప్పుకున్నాను. వాసనా లేదు, ఒప్పుకున్నాను. మరి ఆ కప్ప మాటేమిటండీ? రాత్రల్లా ఒకటే బెకబెక! మా వారికి కంటిమీద కునుకు లేదు. నిన్న కొట్లో కందిపప్పు అడిగిన మనిషికి శనగపప్పు కట్టిచ్చారట."

"అయ్యో!"

"అయినా నాకు తెలీక అడుగుతానూ, ఇక్కడ చెరువు లేదు, కాలవ లేదు, చుట్టూ ప్రహరీగోడ. ఈ కప్ప ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ?"

"తడి కనిపిస్తే అవే వస్తాయేమోనండీ," అంది మునీరా, తుంగ మొక్కల వైపు చూస్తూ.

"నేననేదీ అదే. టబ్బుంటే తడి, తడి ఉంటే కప్ప. మధ్యాహ్నం హమాలీలను పంపిస్తానన్నారు మా వారు. వాళ్లే ఎత్తుకుపోతారు. మీకేం శ్రమ లేదు."

మునీరా ముఖం పాలిపోయింది. "అంత పని చెయ్యకండి. మీ ఇబ్బంది కప్పతోనే కదా? ఇప్పుడే పట్టి ఇచ్చేస్తాను. టబ్బు మాత్రం ఉండనివ్వండి. మీకు దణ్ణం పెడతాను."

ఆ గొంతు విని రత్నాంబ కూడా కాస్త మెత్తబడింది. "సరే, పట్టండి చూద్దాం."

మునీరా చేతులు మోచేతుల దాకా మట్టిలోకి దించి వెతికింది. కప్ప వస మొక్కల్లోంచి ఎగిరి నేరుగా రత్నాంబ ఒళ్లో పడింది. రత్నాంబ వీధంతా వినపడేలా అరిచి కుర్చీ ఎక్కేసింది. "మేం ఇలాంటివి ముట్టుకోమండీ బాబూ!" అన్న మనిషే చివరికి చీర ఎగదోపి, పెరడంతా దాని వెంట పరుగెత్తి, పాల క్యాన్‌లోకి తోసి మూత బిగించింది. ఒళ్లంతా మట్టి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ తర్వాత రెండో టీ అయింది. రత్నాంబ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. కూతురు ఉషశ్రీకి ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు గురించి చెప్పింది. ఆడపడుచు ఎత్తిపొడుపులూ చెప్పింది. మునీరా ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింది.

"దీన్ని మా వారికిస్తాను, ఊరవతల కాలవలో వదిలేస్తారు." రత్నాంబ క్యాను పట్టుకుని లేచింది. "పాపం, మిమ్మల్ని తెగ సతాయించాను. ఇక ఏ ఫిర్యాదూ లేదు. మళ్లీ మీ గుమ్మం తొక్కితే ఒట్టు! హాయిగా ఉండండి."

గేటు మూసుకుంది.

రత్నాంబ మాట మీద నిలబడే మనిషి, మళ్లీ రాలేదు. శ్రావణ మాసం వచ్చింది. కుంకుమ భరిణెలతో పేరంటాలకు పిలిచే ఆడవాళ్లు రత్నాంబ ఇంటికి వచ్చారు, మునీరా గేటు దాటుకుని అవతలింటికి వెళ్లారు. మేడ మీద బట్టలు ఆరేస్తూ రత్నాంబ ఓసారి చెయ్యి ఊపింది, అంతే. టబ్బులో పొన్నగంటి ఏపుగా ఎదిగి అంచు మీంచి వేలాడుతోంది. చూడడానికి ఎవరూ లేరు. మునీరా అలవాటు కొద్దీ రెండు కప్పుల టీ పెట్టి రెండూ తనే తాగుతోంది. ఒక్కోరోజు సాయంత్రందాకా తన గొంతు తనకే వినపడదు. ఆ ఇల్లంటే భయమేస్తోంది.

ఒకనాటి పొద్దున గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. మునీరా పరుగున వెళ్లింది.

"కొర్రమేనులండీ అమ్మగారూ! కొల్లేటివి, ఇంకా ప్రాణంతో ఉన్నాయి," అన్నాడు బంగార్రాజు, క్యారియర్ మీది క్యాను మూత తీస్తూ.

మునీరా పక్క మేడ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"చేపలొద్దు బంగార్రాజూ. ఆమధ్య ఓ కప్పను తెచ్చిచ్చావే, అలాంటిదే ఇంకోటి తెచ్చిపెట్టు. ఈసారి కాస్త గొంతు పెద్దదాన్ని చూడు."