అత్తాకోడళ్ళ ట్రైనింగు

లిఫ్టు తలుపులు తెరుచుకోగానే కోడలి గుండె గుభేలుమంది. లోపల, హోటలువాళ్ళిచ్చే తెల్లటి స్నానపు గౌను తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని అత్తగారు నిలబడి ఉన్నారు. మేడ మీది ఈతకొలనులో మునిగి వస్తున్నట్టున్నారు. పోనీ తప్పించుకుందామంటే, కోడలి ఒంటి మీదా అదే గౌను.

ఆఫీసు ట్రైనింగు ఉంది, రేపటిదాకా రానని చెప్పి పొద్దున పెట్టె పట్టుకుని బయటపడ్డ మనిషాయె. అత్తగారే గుమ్మందాకా వచ్చి సాగనంపారు. ఈ సంగతి ఇంట్లో తెలిస్తే ఇక జన్మలో తన మాట ఎవరూ నమ్మరు.

"ట్రైనింగు బాగా జరుగుతోందా?" అన్నారు అత్తగారు.

కోడలు నీళ్ళు నమిలింది. అంతలోనే బుర్ర వెలిగింది.

"మరి మీరిక్కడేం చేస్తున్నారత్తయ్యా?"

ఈసారి నీళ్ళు నమలడం అత్తగారి వంతయింది. కోడలు వీధి మలుపు తిరిగీ తిరగకముందే, అక్కకు ఒంట్లో బాగాలేదని మామగారికి చెప్పి ఆవిడా బయల్దేరారట. అక్క గుండ్రాయిలా ఉందట. కళ్ళజోడు ఎక్కడ పెట్టావని ఎవరూ అడగని చోట ఒక్కరోజు నడుం వాల్చాలనిపించిందట. కోడలు వచ్చిందీ అందుకే. ఆమెను అడిగేది కళ్ళజోడు కాదు, మేజోళ్ళు. అంతే తేడా.

"నేను నిన్ను చూళ్ళేదు, నువ్వు నన్ను చూళ్ళేదు. సరేనా?" అన్నారు అత్తగారు.

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఒకరినొకరు చూడనివాళ్ళు ఎవరి గదికి వాళ్ళు పోవాలి కదా, పోలేదు. ఇద్దరూ అత్తగారి గదిలో చేరి కాఫీలు తెప్పించుకున్నారు. గోడలకు సున్నమైనా లేదు, వట్టి సిమెంటు. అది ఫ్యాషనట. మంచం పక్కనే, గది నట్టనడుమ స్నానాల తొట్టి. దీపాల స్విచ్చు ఎక్కడుందో పెట్టినవాడికే తెలియాలి. ఇల్లు పూర్తికాకముందే అద్దెకిచ్చేశారని అత్తగారు తేల్చేసరికి కోడలికి నవ్వాగలేదు. ఆ ఊపులో అత్తగారు మామగారి ఫోను సంభాషణ అభినయించి చూపించారు. కోడలు మొగుడి గురకను అనుకరించి వినిపించింది. నవ్వలేక ఇద్దరికీ పొట్ట చెక్కలయింది. ఈవిడ ఇంత సరదా మనిషని కోడలికి ఇన్నాళ్ళూ తెలియనే లేదు. ఉన్నట్టుండి అత్తగారి మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే అత్తగారు చప్పబడిపోయారు.

"పాపం, వాళ్ళిద్దరూ ఏం తిన్నారో ఏమో."

కోడలి మనసూ చివుక్కుమంది. ఇల్లు మేం చూసుకుంటాం, నిశ్చింతగా వెళ్ళిరమ్మని ఇద్దరికీ మాటిచ్చి పంపిన మగవాళ్ళు. స్టవ్ వెలిగించడం కూడా రాదు. వాళ్ళను ఆకలికి మాడ్చి ఇక్కడ కాఫీలు తాగుతూ పడుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? దొరక్క దొరక్క దొరికిన సెలవు ఇలా గంగపాలవుతున్నందుకు ఏడుపొచ్చినా, చీకటి పడేలోగా ఇల్లు చేరిపోదామనే తీర్మానించుకున్నారు. అత్తగారు చీరలు మడతపెట్టడం మొదలెట్టారు.

తలుపు చప్పుడయింది. తీస్తే రిసెప్షన్లో ఉండే అమ్మాయి, చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది.

"ఏమీ అనుకోకండమ్మా, కాస్త నెమ్మదిగా నవ్వుకుంటారా? పక్క గదిలో తండ్రీకొడుకులు దిగారు. ఇంట్లో ఆడవాళ్ళు ఊరెళ్ళారట, వండుకోవడం రాక ఇక్కడికొచ్చారు. మళ్ళీ వాళ్ళు తిరిగొచ్చేలోపు ఒక్క పూటైనా ప్రశాంతంగా పడుకోనివ్వమంటున్నారు."