కాచుకునే కార్డు

నా మనవరాలు సోఫియా ఫోనులో మూడు కార్డులు తెరుచుకున్నాయి. ఒకటి తీసుకుని, రాక్షసుడితో పోరుకి ఆటలో తన మనిషిని తయారుచేసుకోవాలట. అది మళ్ళీ డాలే తీసింది.

మలేషియాలో, క్లాంగ్ ఊళ్ళోని మా ఫ్లాటు కింద దాని మొగుడు జోషువా కారు హారను కొడుతూనే ఉన్నాడు.

"అన్నీ డాళ్లేనేటే? ఒక్క కత్తైనా తియ్యి. రబ్బరు ఎస్టేటులో పేకాడినదాన్ని, సెప్తున్నాను!"

"కొడితే రాక్షసుడికి కోపం ఎక్కువవుద్ది అమ్మమ్మా. కాసుకుంటే ఆడే అలిసిపోతాడు."

"అలిసినాడా?"

సోఫియా చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుంది. కమిలిన చోటు అప్పటికే చూసేశాను.

మళ్ళీ హారను. "ఎల్తానమ్మమ్మా, ఆలస్యమైతే ఇంకా..." అంటూ లేచింది.

నేను తలుపు గడియ పెట్టాను. పెళ్ళయిన మూడేళ్ళలో అతన్ని "బాబుగారూ" అని తప్ప పిలిచి ఎరగను. కిటికీలోంచి అరిచాను:

"ఒరే జోషువా, ఎల్లిపో! పిల్ల రాదు!"