సన్న వైరు

రెండు సోమవారాలు వరసగా జీపు వాకిట్లోనే ఆగిపోయింది. మూడో సోమవారం కూడా ఆగితే తన గతేమిటో హబీబుల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

డీజిల్ బండికి పెట్రోలు ఇంజను ఎక్కించి, దాని వైర్లన్నీ కలిపి నడిపించగలిగిన మెకానిక్కు ప్రొద్దుటూరు మొత్తానికి అతనొక్కడే. ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

జీపు రాజుపాలెం దగ్గరి పల్లెలో సుబ్బరాయుడిది. ఒకప్పుడు గొర్రెలు కాసుకున్న ఇల్లు. ఇప్పుడు పొలాలు, పార్టీ జెండా, వెనక ముప్పై మంది. వేసవిలో ఎర్రగుంట్ల రోడ్డున ఆ జీపు మీదే బాంబులు పడ్డాయి. సుబ్బరాయుడి తమ్ముడు అందులోనే పోయాడు. ఇంజను తుక్కయింది.

"నా తమ్ముని నెత్తురు పడిన బండి ఇది. దీంట్లోనే పోతా, దీంట్లోనే పని ముగిస్తా. ఇంగో బండి ఎక్కేది లేదు" అని సుబ్బరాయుడు నలుగురిలో మీసం మెలేశాడు. పొట్టేలు కొమ్ములా తిరిగిన తెల్ల మీసం. మాటకు ముందొకసారి, తర్వాతొకసారి దాన్ని మెలేయకపోతే ఆయనకు తోచదు.

పనంటే ఏమిటో ఎవరూ అడగలేదు. బెయిలు మీదున్న అవతలి పార్టీవాడు ప్రతి సోమవారం జమ్మలమడుగు స్టేషనుకు సంతకం పెట్టడానికి వస్తాడు. అంతే.

కొత్త ఇంజను ఎక్కించి నడిపి చూసిన రోజే మీటరు దగ్గర పసుపు దీపం వెలిగింది. ఇంజను ఆగిపోయింది. హబీబుల్లా బండి కింద దూరి, కాలిన వైరొకటి బయటికి లాగాడు.

"ఏంది సాయిబూ అది?" సుబ్బరాయుడు వంగి చూశాడు.

"ఆక్సిజన్ సెన్సారు వైరప్పా. ఆ సెన్సారు ఇంజనుకు ముక్కు మాదిరి. పొగ వాసన చూసి పెట్రోలు ఎంత పొయ్యాల్నో చెప్తాది. వైరు పొగ గొట్టానికి తగిలి కాలింది. కాలినా తెగినా, దీని కొస బండి బాడీకి తగిలితే ఫ్యూజు పోతాది, బండి నిలబడిపోతాది."

"ఇంత సన్న వైరు తెగితే ఇంత బండి ఆగిపోతాదా?"

"ఆగిపోతాదప్పా."

"చూసి చెయ్యి సాయిబూ. మా ఇంట్లో మిగిలిండే మగపిల్లోడు వెంకటేశొక్కడే. వాడూ ఈ బండే ఎక్కుతాడు."

వెంకటేశు చచ్చిపోయినాయన కొడుకు. ఇరవై రెండేళ్లు. తండ్రి పోయినప్పటి నుంచి కుదురుగా ఒకచోట కూర్చున్నది లేదు.

మొదటి సోమవారం పొద్దున మళ్లీ పసుపు దీపం. వైరు తెగి ఉంది. ఇంజను అదురుకు లాగేసిందనుకుని హబీబుల్లా పొడుగు వైరు వేశాడు. రెండో సోమవారం మళ్లీ అదే.

"ఎలకలు కొరికింటాయప్పా" అన్నాడు.

వెంకటేశు అతని చొక్కా పట్టుకున్నాడు. "ఎలకలకు సోమారం ఎట్ల తెలుస్తాది? నువ్వు ఎవురి తట్టు? ఇంగొక్క తూరి ఆగిందంటే ఆ పొగ గొట్టానికి నిన్నే కట్టేస్తా."

ఇంటికి పోయి తెగిన కొసను వెలుగులో పెట్టి చూశాడు హబీబుల్లా. కాలలేదు, కొరకలేదు. కటింగ్ ప్లేరుతో కోసినట్టు నున్నగా ఉంది. ఆ ఇంట్లోనే ఎవరో కోస్తున్నారు. ఆ మాట ఊరికే పైకి అంటే ఏ అమాయకుడి మెడో తెగుతుంది. అనకపోతే తన మెడ తెగుతుంది.

ఆదివారం మధ్యాహ్నం కొత్త వైరు వేశాడు. దాని మీద నల్ల టేపు చుట్టాడు. టేపు మీద, ఎవరికీ చెప్పకుండా, నీలం పేస్టు పూశాడు. వాల్వు సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి మెకానిక్కులు పూసే పేస్టు అది. ఒక పట్టాన ఆరదు. గుడ్డతో తుడిస్తే పోకపోగా ఇంకా పాకుతుంది.

సోమవారం మొదటి బస్సుకే వచ్చేశాడు. చలి కరుస్తోంది. సుబ్బరాయుడు మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని, శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎనిమిది మంది జీపెక్కారు. డ్రైవరు కుళ్లాయప్ప తాళం తిప్పాడు.

పసుపు దీపం. ఇంజను ఆగిపోయింది.

హబీబుల్లా ఈసారి బండి కిందికి దూరలేదు. "దిగి తలా ఒక చెయ్యి వెయ్యండప్పా, షెడ్డులోకి తోద్దాం" అన్నాడు. జీపు తోస్తున్న చేతులన్నీ ఒక్కొక్కటే చూశాడు. కుళ్లాయప్పవి చూశాడు. వెంకటేశువి చూశాడు. వంట చేసే యల్లమ్మ నీళ్లు తెచ్చిస్తే ఆమెవీ చూశాడు. బూడిద తప్ప ఏమీ లేదు.

ఏ చేతికీ నీలం లేదు. ఉన్నది తన చేతులకే. నిన్న పూసింది ఇంకా వదల్లేదు. ఎవరికీ చెప్పకపోవడమే మేలైందనుకున్నాడు.

అంతలోనే వెంకటేశు మెడ పట్టుకున్నాడు. "పెద్దనాయనా, వీడే!"

"నేను కాదప్పా! ఎవురో కోస్తాండారు!" నోరు జారాడు హబీబుల్లా.

అందరి చూపూ షెడ్డు తాళంచెవి తన దగ్గర పెట్టుకునే కుళ్లాయప్ప మీదికి పోయింది. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సుబ్బరాయుడు లేచి అరుగు దిగాడు. "వదలరా సాయిబును! ఇంగో సోమారం రాదా ఏంది?" మఫ్లరు కిందికి లాగాడు. "కోసినోడు ఎవుడైనా సరే, దొరికిననాడు వాని చేతులు నరుకుతా!" శాలువాలోంచి చెయ్యి తీసి, అలవాటు కొద్దీ మీసం మెలేశాడు.

ఆ చెయ్యి దిగేసరికి, తెల్ల మీసం కొస నీలంగా ఉంది.