ఒక్కడు ఎక్కువ

పిల్లల సంఖ్యను బట్టి ఏ బడి ఏ విభాగంలో ఆడాలో తేలుస్తారు; బడిపిల్లల్ని లెక్కపెట్టే ఆ రోజు దగ్గర పడింది. టెక్సస్‌లోని ఆ చిన్న ఊరి ఫుట్‌బాల్ కోచ్ హోబార్ట్ ఆసుపత్రికొచ్చాడు. ఆటలో మోకాలు విరగ్గొట్టుకున్న వెండెల్ పక్కన మంచం మీద కూర్చుని, ఆసుపత్రివాళ్లు వాడికిచ్చిన జెల్లీ తనే తినేశాడు.

"మనకి ఒక్కడు ఎక్కువయ్యాడ్రా. ఆ ఒక్కడి మూలంగా పెద్ద బళ్ల విభాగంలో పడతాం. వాళ్లు మనల్ని పచ్చడి చేస్తారు."

వెండెల్ కట్టు కట్టిన కాలి వంక చూసుకున్నాడు. "నేను మానేస్తే, సార్?"

"ఆ మాట నువ్వన్నావు, నేననలేదు. ఇంట్లోనే చదువుకో. కప్పు గెలిస్తే అది నీదేరా!"

తల్లి ఏడ్చి మొత్తుకున్నా వెండెల్ వినలేదు. మర్నాడే బడి మానేశాడు.

మరుసటి డిసెంబరులో జట్టు చిన్న బళ్ల విభాగంలో రాష్ట్ర ఛాంపియన్ అయింది. వెండెల్ కుంటుకుంటూ మైదానంలోకి పరిగెత్తాడు. జనం భుజాలకెత్తుకున్న కుర్రాణ్ణి వాడెప్పుడూ చూడలేదు. ఆ కుర్రాడు ఆడింది మాత్రం ఒకప్పుడు తను ఆడిన స్థానంలోనే.

"వీడెప్పుడు చేరాడు సార్?"

"నువ్వు మానేసిన మర్నాడే," అన్నాడు హోబార్ట్ ఆనందంగా, వాడి వీపు తట్టి. "ఆ ఎక్కువైన ఒక్కడు వీడేరా! నువ్వు కదిలితేనే కదరా, పొరుగూరినుంచి వాణ్ణి తెచ్చుకోగలిగింది!"