పదమూడో మాత్ర

“నిజం చెప్పండి. నీళ్ళు తాగారా, లేదా?”

డాక్టరమ్మ గొంతుకి డయాలసిస్ గదిలోని పక్క మంచాలవాళ్ళు కూడా తలలు తిప్పారు. తూకం మిషన్ మీద నిలబడ్డ టైలరు కిందికి దిగడం కూడా మర్చిపోయాడు. మొన్నటికీ ఇవాళ్టికీ నాలుగు కిలోలు పెరిగాడు. బీపీ రెండొందల పది. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు.

“చుక్క కూడా ఎక్కువ తాగలేదమ్మా. రోజుకి మీరు చెప్పిన మూడు గ్లాసులే.”

దాహమేసిన కిడ్నీ రోగి మాట నమ్మే అమాయకులు ఆ గదిలో ఎవరూ లేరు.

“సోమవారం ఆపరేషన్. బీపీ ఇలా ఉంటే మత్తు డాక్టరు ముట్టుకోడు. అయినా, నోరు కట్టుకోలేని మనిషికి ఇంకొకరి కిడ్నీ తీసి ఎలా పెట్టమంటారు?”

ఆ కిడ్నీ ఇవ్వాల్సిన చెల్లెలు తలుపు దగ్గరే ఉంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“మా ఆయన్ని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించానన్నయ్యా! నువ్వేమో తడిగుడ్డతో గొంతు కోస్తున్నావా?”

“నీ మీద ఒట్టే చెల్లీ...”

“నా మీద ఒట్లు కూడా ఎందుకు? కిడ్నీ ఇస్తున్నాను, చాలదూ?” అంటూనే ఏడ్చేసింది. విసురుగా సంచీ భుజాన వేసుకుని బయటికి అడుగు వేసింది.

టైలరు భార్య పరుగున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆయన్నేం అనకమ్మా. వంటింటికి తాళమేసి, తాళంచెవి కొంగున కట్టుకుని తిరుగుతున్నాను. బాత్రూముకెళ్ళినా తలుపు తీసే ఉంచమంటున్నాను. ఆ మూడు గ్లాసులూ నేనే కొలిచి పోస్తాను. గుటక వేయాలన్నా నన్నడగాల్సిందే!”

అంతమంది ముందు బాత్రూము సంగతి బయటపడేసరికి టైలరుకి తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ ఆవిడ వైపే చూసింది. అబద్ధమాడే మనిషిలా లేదు.

“పోనీ, మాత్రలు మానేస్తున్నారా?”

“ఎంతమాట! పన్నెండూ దగ్గరుండి నేనే మింగిస్తున్నానండీ. ఒక్క పూట తప్పలేదు.”

నీళ్ళు తాగలేదు, మాత్రలు మానలేదు. మరి బీపీ ఎందుకు దిగదు? డాక్టరమ్మ మందుల చీటీ ముందుకి లాక్కుని పన్నెండు పేర్లూ మళ్ళీ చదివింది. ఆఖరికి కలం తీసింది.

“అయితే మందే చాలడం లేదన్నమాట. ఇంకో బీపీ మాత్ర రాస్తున్నాను. సోమవారానికి దిగిందా సరేసరి. లేదంటే ఆపరేషన్ మాట మర్చిపోండి.”

చెల్లెలు కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చింది. అన్నయ్య చెయ్యి పట్టుకుంది. టైలరు భార్య మాత్రం చీటీ చూసి బెంబేలెత్తిపోయింది.

“ఇంకోటా డాక్టరమ్మా? మాత్రకో నిండు గ్లాసు చొప్పున, ఇప్పుడున్న పన్నెండు గ్లాసులకే ఆయన పొట్ట పగిలిపోతోందండీ!”