రెండో భాగంలో లోపాలు

కెప్టెన్ గారు గుమ్మంలో ఆగారు. అక్కడే నిలబడి తన చుట్టూ తాను ఒకసారి గిర్రున తిరిగారు. ఆ తర్వాతే లోపల అడుగు పెట్టారు.

"చూశావా?" యజమాని తన మరదలి చెవిలో గుసగుసలాడాడు. "వెనకనుంచి శత్రువు వస్తున్నాడేమోనని! నరనరానా యుద్ధమే!"

అది వీడియో గేములు తయారుచేసే ఆఫీసు. అక్కడ ఎవరూ ఈగను కూడా సరిగ్గా కొట్టినవాళ్ళు కారు. అయినా కొన్నేళ్ళుగా కూర్చుని యుద్ధం తయారుచేస్తున్నారు. ఇదివరకు ఆటలో మొదటి భాగం వదిలితే జనం దుమ్మెత్తిపోశారు. యుద్ధం ఆనవాలు తెలియని వెధవలు చేసిన ఆట అని తిట్టారు. అందుకే రెండో భాగాన్ని వదిలేముందు పటాలంలో ఉన్న అసలుసిసలు కెప్టెన్‌ను పిలిపించారు. ఆయన ఊ అన్నది ఉంటుంది. ఊహూ అన్నది చెత్తబుట్టలోకి పోతుంది.

ఆటలో తూటా మరదలిది. అది గాలికి ఎంత వంగుతుంది, ఎముకను ఏం చేస్తుంది, అంతా ఆమే రాసింది. ఆస్పత్రిలో నర్సుల వెంటపడి మరీ తెలుసుకుంది. ఆఫీసులో అంతా ఆమెను బుల్లెట్టమ్మ అంటారు. ఆమె తూటా తగిలినవాడు అరుస్తాడు, పడతాడు, ఇక లేవడు. ఆడేవాడు ఒక్కసారైనా తుపాకీ దించి ఒక మనిషిని చంపానని అనుకోవాలి. అదీ ఆమె పంతం.

కెప్టెన్ గారు ఆట మొదలుపెట్టారు.

"అబ్బ, బురద బ్రహ్మాండం! ఇంత బురద నేనెక్కడా చూళ్ళేదు."

యజమాని మొహం చేటంత అయింది.

తెర మీద మొదటి తుపాకీ పేలింది. కెప్టెన్ గారు కుర్చీలో ఎగిరిపడ్డారు. పక్కన పెట్టుకున్న టీ ప్యాంటు మీద ఒలికింది.

"ఏం చప్పుడయ్యా! ప్రాణం పోయిందనుకున్నా!"

"పాపం, పాత గాయాలు రేగాయి," అని యజమాని కళ్ళొత్తుకున్నాడు.

కాసేపు ఆడి కెప్టెన్ గారు చేతులు దులుపుకున్నారు.

"బాగున్నవి బాగున్నాయి. ఇక లోపాలు. మీ సిపాయిలు గుమ్మంలోంచి తిన్నగా దూరిపోతున్నారు. తప్పు! ఒక చుట్టు తిరిగి వెళ్ళాలి. లేకపోతే ఇరుక్కుపోతారు."

"ఏనుగు పట్టేంత వాకిలి కదండీ, ఎలా ఇరుక్కుంటారు?" అంది బుల్లెట్టమ్మ.

"అదంతే తల్లీ. మాకు నేర్పింది అదే."

యజమాని మరదలి కాలు తొక్కాడు.

"ఇదిగో, వీడు మోకాలెత్తు గోడ దాటేశాడు! గోడలు దాటే సైన్యం ఎక్కడైనా ఉందా? చుట్టూ తిరిగి రావాలి."

"మందుపాతరలు ఉంటాయే, మట్టిబుర్రా!" అన్నాడు యజమాని.

"గోడ మీద పాతరేంటి బావా?"

"నోర్ముయ్. రాసుకో."

అంతలో తెర మీద ఒక సిపాయికి తూటా తగిలింది. అరిచాడు. పడ్డాడు. కెప్టెన్ గారు చాలాసేపు చూశారు. వాడు లేవలేదు.

"ఏమైంది వీడికి?"

"చచ్చిపోయాడండీ," అంది బుల్లెట్టమ్మ.

"ఒక్క తూటాకేనా?" కెప్టెన్ గారు పగలబడి నవ్వారు. "అమ్మా, అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. ఒకటీ రెండూ ఏం చేస్తాయి? దెబ్బ తగిలితే ఓ మూలన నక్కి కదలకుండా కూర్చోవాలి. గాయం దానంతటదే మానిపోతుంది. లేచి మళ్ళీ పరిగెత్తాలి."

"అదీ గుండె ధైర్యమంటే!" యజమాని చప్పట్లు కొట్టాడు.

"బావా, నేను ఆస్పత్రిలో చూశాను. మనిషి అలా లేవడు. చస్తాడు."

"నువ్వు యుద్ధానికి వెళ్ళావా?"

"లేదు."

"ఆయన ఒంటిమీద బట్టలు చూశావా? ఆ పతకాలు చూశావా? ఆస్పత్రిలో నాలుగు కట్లు చూసొచ్చి కెప్టెన్ గారికి చావు నేర్పుతావా? తీసెయ్ ఆ తూటాని!"

చదువుకున్న ఆఫీసు. ఉన్నవాళ్ళంతా తలలూపారు. యూనిఫారం ముందు బుర్ర తీసి బల్లమీద పెట్టేయడం అందరికీ అలవాటే.

బుల్లెట్టమ్మ తన తూటాను తన చేత్తోనే తీసేసింది. తెర మీద పడి ఉన్న సిపాయి లేచి కూర్చున్నాడు. ఒళ్ళు దులుపుకుని నవ్వుతూ పరిగెత్తాడు.

"ఇప్పుడు అచ్చం యుద్ధంలా ఉంది," అన్నారు కెప్టెన్ గారు, తృప్తిగా.

పోయిందెలాగూ పోయింది, అడిగి తెలుసుకుంటే తప్పేముంది అనుకుంది బుల్లెట్టమ్మ.

"కెప్టెన్ గారూ, ఇవన్నీ మీరు ఏ యుద్ధంలో నేర్చుకున్నారండీ?"

"యుద్ధమెక్కడిదమ్మా, తూటాలు దండగని మా పటాలానికి తర్ఫీదంతా మీ ఆట మొదటి భాగంలోనే ఇచ్చారు, అసలు తుపాకీ రేపు సరిహద్దులో దిగాకే చేతికిస్తారట!"