గృహప్రవేశానికి వచ్చిన ఆవు

“చెయ్యి తియ్యవే! ముందు చెయ్యి తియ్యి!”

ప్రభావతి అరుపుకు పంతులుగారి మంత్రం ఆగిపోయింది.

సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో వరుణ్ కొన్న కొత్త ఫ్లాట్‌కి ఆరోజు గృహప్రవేశం. ఆవును పై అంతస్తుకు ఎక్కించలేరు కాబట్టి గోపూజ బ్లాకు కిందే పెట్టుకున్నారు. వరుణ్ కూతురు శ్రీజ ఆవుకు అరటిపండు తినిపిస్తోంది. ఆవు మూతి నుంచి చొంగ తీగలా సాగి పిల్ల మణికట్టు మీద పడింది.

అంతే. నానమ్మ ప్రభావతి ఒక్క ఉదుటున వచ్చి మనవరాలిని వెనక్కి లాగేసింది. ఆ విసురుకి పళ్లెం ఎగిరిపడింది. పసుపూ కుంకుమా నేలపాలయ్యాయి.

“దీన్ని కుక్కగానీ కరిచిందా? రేబిస్ సూది వేయించావా దీనికి?” ఆవును తోలుకొచ్చిన షణ్ముగాన్ని నిలదీసింది.

అతను నొచ్చుకుని, మాట చివర ‘లా’ తగిలించే సింగపూర్ యాసలో అన్నాడు. “ఆంటీ, సింగపూర్‌లో రేబిస్ లేదు లా. మా ఆవుల్ని డాక్టర్ చూస్తారు.”

ఆవిడ వినిపించుకోలేదు. పిల్లను కుళాయి దగ్గరికి లాక్కెళ్లి సబ్బు పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. నురగ పోతే మళ్లీ సబ్బు. మళ్లీ నీళ్లు.

“నానమ్మా, పెయిన్ లా! స్టాప్!” శ్రీజ ఏడుస్తోంది.

వరుణ్ తల ఎత్తలేకపోయాడు. ఆఫీసువాళ్లంతా అక్కడే ఉన్నారు. లిఫ్టు దగ్గర ఇరుగుపొరుగు ఆగి చూస్తున్నారు. ఎవరో ఫోను కూడా పైకెత్తారు. షణ్ముగానికి చేతులు జోడించి సారీ చెప్పాడు. “మా అమ్మకు కొంచెం చాదస్తం సార్,” అని బాసుతో అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి వరుణ్ చెవులు కాలిపోయాయి.

పూజ ఎలాగో అయిందనిపించారు. భోజనాలు చేసి అందరూ వెళ్లాక వరుణ్ తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“అంతమందిలో నా పరువు తీశావు. ఇంటికొచ్చిన గోవుని పిచ్చిదన్నావు. నిన్ను మా అమ్మ అని చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.”

“వరుణ్!” అతని భార్య ఆమని వారించబోయింది.

ప్రభావతి తప్పు చేసిన పిల్లలా తల వంచుకుంది. చీర కొంగుతో తడి చేతులు తుడుచుకుంటూ, “తప్పయిపోయింది నాన్నా,” అంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కిటికీ దగ్గర నిలబడ్డ తండ్రి మల్లికార్జునరావు వైపు తిరిగాడు వరుణ్.

“మీరైనా చెప్పండి నాన్నా. ఆవుని చూసి ఎవరైనా అంత గొడవ చేస్తారా?”

మల్లికార్జునరావు మూసిన తలుపు వైపు చూశాడు. లోపలికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

“నువ్వు పుట్టకముందు నీకో అక్క ఉండేదిరా, మన దూడను పిచ్చికుక్క కరిచిందని తెలియక, గొంతులో ఏదో అడ్డుపడి చొంగ కారుస్తోందనుకుని, ఆ పిల్ల చిన్న చెయ్యి దూడ నోట్లో పెట్టించింది మీ అమ్మే.”